ఇంటి కంప్యూటరుకి మూడు తాళాలు

సోమవారం పొద్దున్న టైపమ్మ కంప్యూటరు బటన్ నొక్కి వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొయ్యి మీద పెట్టింది. అవి పొంగేదాకా నిలబడి, టీ కలిపి, అత్తగారికి ఒక గ్లాసు ఇచ్చి, తన గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చుంది. తెర మీద చిన్న చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

“లేచిందా మహారాణి?” అని పక్క గదిలోంచి అత్తగారు కేకేసింది.

“ఇంకా ఆవలిస్తోంది అత్తయ్యా.”

“మొహాన నీళ్ళు కొట్టవే!”

పదకొండు నిమిషాలకి మహారాణి లేచింది. పదకొండని టైపమ్మకి ఖచ్చితంగా తెలుసు. నిమిషాలు లెక్కపెట్టుకునే బతుకైపోయింది ఆమెది. ఒకప్పుడు లాయరుగారి ఆఫీసులో టైపు కొట్టిన మనిషి కాబట్టి వీధివాళ్ళు పెట్టిన పేరు టైపమ్మ. ఇప్పుడు ఆమె పని పాత రిజిస్టర్లు చదవడం. ఎనభై తొంభై ఏళ్ళ కిందటి పుట్టుకల రిజిస్టర్ల ఫోటోలు ఒక ఆఫీసువాళ్ళు నెట్లో పంపుతారు. తెర మీద ఎడమ పక్క పాత పేజీ ఫోటో, కుడి పక్క ఖాళీ గళ్ళు. బిడ్డ ఏ రోజున పుట్టింది, తండ్రి ఏం పని చేసేవాడు, ఏ వీధి, అన్నీ చదివి గళ్ళలో కొట్టి పంపాలి. పేజీ తెరిచిన క్షణం నుంచి పంపిన క్షణం దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో అక్కడ దానంతటదే నమోదవుతుంది. అందులో మనిషి నిమిషాలెన్ని, యంత్రం నిమిషాలెన్ని అని విడదీసి చూసే నాథుడు లేడు. అన్యాయమే. కానీ అన్యాయం అని నోరు తెరిచి అనాలంటే ముందు తన మీద తనకి నమ్మకం ఉండాలి.

పని మాత్రం ఆమెకి ప్రాణం. పాత గుమాస్తాల చేతిరాతలు ఆమెకి ఇరుగుపొరుగు మొహాలంత పరిచయం. వాళ్ళలో ఒక మహానుభావుడు ఉన్నాడు, అక్షరానికి తలకట్టు పెట్టడం మహాపాపం అనుకున్నవాడు. ఆయన ‘పడవ’ అని రాస్తే కొందరు ‘వడవ’ అని చదువుతారు, కొందరు ‘వడప’ అని చదువుతారు, ఇదేం వృత్తిరా భగవంతుడా అని బుర్ర గోక్కుంటారు. టైపమ్మ ఒక్క చూపు చూసి ‘పడవ నడుపును’ అని కొట్టేస్తుంది. ఎప్పుడో పుట్టి పోయిన ఒక బిడ్డకి తండ్రి సరిగ్గా దొరికినందుకు ఆమెకి లోపల్లోపల చెప్పలేనంత సంతోషం.

ఆ రోజు మొదటి పేజీ తెరుచుకునేలోపే ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి సూపర్‌వైజరమ్మాయి. మర్యాదస్తురాలు, చెప్పలేని మాట చెప్పాల్సొస్తే ముందు ఆరోగ్యం అడుగుతుంది.

“మేడమ్, బాగున్నారా? అత్తయ్యగారు బాగున్నారా?”

“బాగున్నామమ్మా. చెప్పు.”

“మీ సగటు పేజీకి ఇరవై మూడు నిమిషాలుంది మేడమ్. మిగతావాళ్ళది పన్నెండు, పదమూడు. తప్పులు అందరికంటే మీవే తక్కువ, నేను కాదనను. కానీ పైవాళ్ళు నిమిషాలే చూస్తారు. ఈ శనివారానికి పదిహేను లోపు రాకపోతే మిమ్మల్ని లిస్టులోంచి తీసెయ్యమంటున్నారు.”

టైపమ్మ గ్లాసు కింద పెట్టింది. “మా కంప్యూటరు కొంచెం నెమ్మదమ్మా.”

అవతల ఆ పిల్ల నిట్టూర్చింది. “అందరూ అదే చెప్తారు మేడమ్.”

మధ్యాహ్నం భోజనానికి భర్త వచ్చాడు. వచ్చాడని వీధి చివరిదాకా తెలుస్తుంది, ఎందుకంటే వీధి తలుపుకి మూడు తాళాలు, మూడూ చప్పుడు చేస్తూ తెరుచుకుని రావాలి. ఆయనది తాళాల షాపు. ఊళ్ళోవాళ్ళకి తాళాలాయన. “ఒక తాళం మర్యాదకి, రెండోది దొంగకి, మూడోది నా నిద్రకి” అని కొనేవాళ్ళకి చెప్తాడు. అమ్ముకోవడానికి చెప్పే మాట కాదది, మనిషే అంత. లోపల జనం ఉండగా ఇన్ని తాళాలేమిటిరా అని తల్లి అడిగీ అడిగీ విసిగి ఊరుకుంది.

కంచం ముందు కూర్చోగానే టైపమ్మ ఆఫీసు ఫోను సంగతి చెప్పింది. ఆయన అన్నం కలుపుతూ నవ్వాడు.

“కంప్యూటరు నెమ్మదనే చెప్పావా? ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికెవడో.”

“నిజంగానే నెమ్మదండీ.”

“నేను స్వయంగా సెట్ చేసిన కంప్యూటరే అది! కిందటి నెల వేగం పెరగడానికని ప్రత్యేకంగా ఒక ప్రోగ్రాం కూడా వేశాను. నీకు నిదానం ఎక్కువ, అంతే. తప్పేముంది? వయసు మీద పడట్లా?”

ఆయన ప్రేమగానే అన్నాడు. ఆమె పళ్ళెంలోకి ఇంకో గరిటెడు వడ్డించి మరీ అన్నాడు. అందుకే ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. చెయ్యి కడుక్కుంటున్నప్పుడు కుళాయి కింద తన వేళ్ళు చూసుకుంది. పొద్దున్నపూట కొంచెం బిగుసుకుంటున్న మాట నిజమే. యాభై రెండు నిండాయి. ‘నేనే నెమ్మదైపోయానేమో. ఇంట్లో అందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలీలేదేమో’ అనుకుంది.

*

మంగళవారం ఆమె బజారు వీధిలో కంప్యూటర్లు బాగుచేసే షాపుకి వెళ్ళింది. భర్తతో చెప్పలేదు. చెప్తే ‘నేనుండగా షాపెందుకు’ అంటాడు.

షాపులో బల్ల మీద నాలుగు కంప్యూటర్లు పొట్టలు విప్పుకుని పడి ఉన్నాయి. వాటి మధ్య, నుదుటి మీద లైటు కట్టుకుని, చేతిలో రంగులేసే కుంచెతో ఒకావిడ దుమ్ము దులుపుతోంది. ఈ షాపు మెకానిక్కు ఈవిడే. టైపమ్మ విషయం చెప్పి, కొత్తది కొనాలా అని భయంభయంగా అడిగింది.

“ఆగండాగండి. బటన్ నొక్కితే ఎంతసేపటికి పనికొస్తోంది?”

“పదకొండు నిమిషాలు.”

“ఇంట్లో ఎంతమంది వాడతారు?”

“నేను రిజిస్టర్లకి. మా అత్తగారు పేకాటకి, మోకాళ్ళ నొప్పుల సంగతులు చదవడానికి. మావారు...” టైపమ్మ కొంచెం ఆలోచించింది. “మావారు దాన్ని కాపాడతారు.”

మెకానిక్కు కుంచె ఆపింది. “కాపాడ్డమంటే?”

“వైరస్సు రాకుండా ప్రోగ్రాములు వేశారు. కింద మూలన వాటి బొమ్మలుంటాయి. ఆకుపచ్చ కోట ఒకటి, నీలం డాలు ఒకటి, ఎర్ర కన్ను ఒకటి. వేగం పెరగడానికని ఈమధ్య రాకెట్టు బొమ్మది కూడా.”

మెకానిక్కు నుదుటి లైటు పైకి తోసుకుని టైపమ్మని జాలిగా చూసింది. తరవాత నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అంది. “ఏమీ అనుకోకండక్కా. ఒక గుమ్మానికి ముగ్గురు కాపలావాళ్ళు! మీరు లోపలికి ఏది పట్టుకెళ్ళినా ముగ్గురూ మూట విప్పి చూస్తారు. ఆ తరవాత ఒకడు దొంగేమోనని ఇంకొకడు, వాళ్ళలో వాళ్ళే ఒకళ్ళ జేబులొకళ్ళు వెతుక్కుంటారు. కంచే చేను మేస్తోంది మీ ఇంట్లో. పైగా ఆ రాకెట్టొకటి, గోరుచుట్టు మీద రోకటిపోటు.”

“మరి ఏం చెయ్యమంటారు?”

“డబ్బా మోసుకురాకండి. సగం పని మీరే చేసుకోవచ్చు. కాగితం ఉందా?”

టైపమ్మ సంచీలోంచి పాత రసీదు తీసి వెనక పక్క రాసుకుంది. మెకానిక్కు పని ఆపకుండానే చెప్పుకుపోయింది. కంప్యూటరు లేవగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములు ఏమేం ఉన్నాయో చూసి అక్కర్లేనివి ఆపెయ్యాలి. వాడనివి పూర్తిగా తీసెయ్యాలి. డిస్కులో పావు వంతన్నా ఖాళీ ఉండాలి, ఫైళ్ళు వేరే డిస్కులోకి మార్చుకోవాలి. నెట్లో తెరిచిన పేజీలు తెరిచినట్టే వదిలెయ్యకూడదు. వారానికోసారన్నా పూర్తిగా ఆపి మళ్ళీ మొదలెట్టాలి. ప్లగ్గు పీకి, మూత తీసి, ఫ్యాను దుమ్ము దులపాలి.

“కాపలావాడు మాత్రం ఒక్కడే ఉండాలి. అసలు లేకపోతే ప్రమాదం, ఇద్దరున్నా ప్రమాదమే. ఇవన్నీ చేశాక కూడా మొరాయిస్తే అప్పుడు రండి, మెమరీ ముక్క ఒకటి వేద్దాం. కొత్తది మాత్రం కొనకండి, నా మాట వినండి.”

టైపమ్మ రసీదు మడత పెట్టింది. వెళ్ళబోతూ ఆగి అడిగింది. “నేనే నెమ్మదని మావాళ్ళంటున్నారు. అదీ కావచ్చంటారా?”

మెకానిక్కు భుజాలెగరేసింది. “మిమ్మల్ని విప్పి చూళ్ళేదు కదక్కా. ముందు దాన్ని బాగుచెయ్యండి, అప్పుడు తెలుస్తుంది ఎవరో.”

దారంతా ఆ మాటే చెవిలో మోగింది. బాగుచేశాక కూడా ఇరవై మూడే వస్తే? అప్పుడు చెప్పుకోడానికి మద్దెల కూడా మిగలదు.

*

బుధవారం భర్త షాపుకి వెళ్ళగానే కొంగు బిగించింది. డబ్బాని పెరట్లోకి తెచ్చి మూత విప్పింది. ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దిండులో దూదిలా గట్టిపడి ఉంది. పాత కుంచెతో మెల్లగా దులుపుతుంటే అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పక్కన నిలబడింది.

“ఇంత దుమ్ము లోపలికెలా పోయిందే? మూడు తాళాలున్నాయిగా ఇంటికి!”

“దుమ్ముకి తాళం అడ్డమా అత్తయ్యా?”

“ఆ మాట మీ ఆయనకి చెప్పు. దానిక్కూడా తాళం చేస్తాడు.”

లోపలికి తెచ్చి బిగించాక అత్తగారి వంతు వచ్చింది. ఆవిడ తెరిచి వదిలేసిన నెట్ పేజీలు అరవై నాలుగు. అందులో మోకాళ్ళవి ముప్ఫై, పేకాటవి తొమ్మిది, మిగతావి ఏమిటో ఆవిడకీ తెలీదు.

“మూసెయ్యకే అమ్మాయ్! మూస్తే మళ్ళీ దొరకవు.”

“ఈ మోకాళ్ళ కసరత్తు ఎప్పుడన్నా చేశారా మీరు?”

“చేద్దామనే గదా ఉంచింది.”

చివరికి బేరం కుదిరింది. మంచివి అయిదింటికి గుర్తు పెట్టి దాచింది టైపమ్మ. మిగతావి మూసేస్తుంటే అత్తగారు ఒక్కొక్కదానికి ‘అయ్యో’ అంది, యాభై తొమ్మిది సార్లు.

తన వంతు వచ్చేసరికి టైపమ్మకి నవ్వు ఆగిపోయింది. డిస్కు నిండిపోవడానికి అసలు కారణం ఆమే. చదవలేక చదివిన ప్రతి మాటనీ, ముచ్చటపడిన ప్రతి చేతిరాతనీ బొమ్మగా దాచుకుంటూ వచ్చింది. వేలకి వేలు ఉన్నాయి. తలకట్టు లేని గుమాస్తావే రెండు వేల పైచిలుకు. ఊరికే ఇంట్లోవాళ్ళని ఆడిపోసుకుంటున్నానే, నేనేం తక్కువ తిన్నానా అనుకుని సిగ్గుపడింది. చిన్న డిస్కు తగిలించి అన్నిటినీ అందులోకి పంపింది. అది గంటన్నర పట్టింది. ఆ గంటన్నర అక్కణ్ణించి లేవకుండా, సామాన్ల బండి పక్కన నడిచే మనిషిలా చూస్తూ కూర్చుంది.

మళ్ళీ మొదలెడితే పదకొండు నిమిషాలు ఏడయ్యాయి. సంబరపడి పేజీ తెరిచింది. పేజీకి పంతొమ్మిది నిమిషాలు. ఇంకోటి. పద్దెనిమిది. అంతకంటే దిగలేదు. కింద మూలన కోటా, డాలూ, కన్నూ, రాకెట్టూ నిక్షేపంగా కూర్చుని ఉన్నాయి. తీసెయ్యబోతే పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ భర్త ఒక్కడికే తెలుసు.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

“ఏమండీ, పాస్‌వర్డ్ చెప్పండి. ఆ కాపలా ప్రోగ్రాముల్లో రెండు తీసెయ్యాలి.”

ఆయన ఒంటి చెప్పుతో నిలబడిపోయాడు. “తీసెయ్యాలా? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తాళం తీసి పారెయ్యమని అడిగిన మనిషివి నువ్వే!”

“అన్నీ కాదు. ఒకటి ఉంచుదాం. ఒకటి చాలన్నారు.”

“ఎవరన్నారు?”

టైపమ్మ షాపు సంగతి చెప్పింది. ఆయన మొహం ముడుచుకుంది. బయటి మనిషి దగ్గరికి వెళ్ళిందన్న బాధ ఒకటి, తను వేసిన తాళాలు తప్పన్నారన్న బాధ ఒకటి.

“అమ్మ పింఛను కాగితాలు అందులోనే ఉన్నాయి. మన బ్యాంకు సంగతులు అందులోనే ఉన్నాయి. ఎవడన్నా దూరితే ఆ మెకానిక్కు వచ్చి కాపలా కాస్తుందా?”

“ఇప్పటిదాకా దొంగ రాలేదు గానీ, నన్ను మాత్రం గంటకి పదిసార్లు ఆపి ‘ఎవరు నువ్వు’ అని అడుగుతున్నాయండీ అవి.”

“వంక! ఆడలేక...”

“అనండి, పూర్తిగా అనండి” అంది టైపమ్మ. ఆయన అనలేదు. కానీ పాస్‌వర్డూ చెప్పలేదు. రెండో చెప్పు విప్పి, జాగ్రత్తగా మొదటిదాని పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

*

గురువారం తాళాల షాపుకి సెలవు. సెలవైనా ఆయన చేతులు ఊరుకోవు. పాత తాళం ఒకటి తెచ్చుకుని, వెలుతురు బావుంటుందని కంప్యూటరు బల్ల చివరే, కిటికీ పక్కన, న్యూస్‌పేపరు పరుచుకుని కూర్చున్నాడు. నిన్నటి మాటల తరవాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆయన ఆమెకి వీపు పెట్టి తాళం విప్పుకుంటున్నాడు. ఆమె ఆయనకి వీపు పెట్టి పేజీ తెరుచుకోవడం కోసం కాచుకుని ఉంది. శనివారానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి.

తాళాలాయన చెవితో బతికే మనిషి. తాళంలో పిన్నులు ఒక్కొక్కటే సర్దుకునే చప్పుడు విని ఏది అరిగిందో, ఏది ఇరుక్కుందో చెప్పగలడు. వీపు తిప్పి కూర్చున్నా చెవి మూసుకోదు కదా. కొంతసేపటికి కీబోర్డు చప్పుడు మొదలైంది. తడబాటు లేదు, తొందర లేదు. ఒకే జోరున, సన్నగా, మధ్యలో తెగకుండా వస్తోంది. ఆ చప్పుడు ఆయనకి కొత్త. భార్య పని చేసే వేళ ఆయనెప్పుడూ షాపులోనే ఉంటాడు. చేతిలో స్ప్రింగు పట్టుకుని అలాగే వింటూ ఉండిపోయాడు. ఇంత నిబ్బరంగా నడిచే చెయ్యి నెమ్మదెలా అవుతుంది అని ఒక చిన్న అనుమానం పుట్టింది.

చప్పుడు ఆగిపోయింది. ఓహో, అప్పుడే అలిసిపోయిందన్నమాట అనుకుని, ఎగతాళి చెయ్యడానికి నోరు తెరుస్తూ వెనక్కి తిరిగాడు. టైపమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తెర మీద గడిలో అక్షరాలు మాత్రం ఒకటీ, కాసేపాగి ఇంకోటీ, వచ్చి పడుతున్నాయి. ‘ప’. ‘డ’. చాలాసేపటికి ‘వ’.

“ఇవెక్కణ్ణించొస్తున్నాయి?” అన్నాడు, నిన్నటి కోపం మర్చిపోయి.

“నేను కొట్టినవే. ఇప్పుడొస్తున్నాయి.”

“నువ్వు ఆపేసి ఎంతోసేపయింది కదా!”

“ఆపకుండా కొడితే మొదటి అక్షరాలు మింగేస్తుందండీ. అందుకని ఒక గడి కొట్టి చేతులు కట్టుకుని కూర్చుంటాను. అన్నీ వచ్చాక సరిగ్గా ఉన్నాయా చూసుకుని, అప్పుడు తరవాతి గడి.” దోసెడు నీళ్ళు పోసి మొక్క పీల్చుకునేదాకా ఆగుతానన్నంత మామూలుగా చెప్పిందామె.

ఆయన కుర్చీ ఇటు జరుపుకున్నాడు. “ఇంకోసారి కొట్టు. నేను చూడను, వింటాను.” కళ్ళు మూసుకున్నాడు. ఆమె కొట్టింది. చప్పుడు ఆగగానే కళ్ళు తెరిచి అక్షరాలు వచ్చేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టాడు. చేతి వేళ్ళన్నీ అయిపోయి మళ్ళీ బొటనవేలికి వచ్చేసరికి గానీ మాట పూర్తవలేదు. మూడోసారి కూడా కొట్టించాడు. మూడోసారీ అంతే.

న్యూస్‌పేపరు మీద పిన్నుల్ని వరసగా పేర్చాడు, మళ్ళీ చెరిపాడు.

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“మీరు రెండోది వేసినప్పట్నుంచి కొంచెం. మూడోది వేశాక బాగా. రాకెట్టు వచ్చాక మరీను.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్పాను కదండీ.”

నిజమే. చెప్పింది. ఎన్నిసార్లో చెప్పింది. ఆయనకి చెవుల దాకా వేడెక్కింది.

“తాళం తెరుచుకోలేదని షాపుకొచ్చే ప్రతివాడూ తాళంచెవి అరిగిపోయిందంటాడు” అన్నాడు, ఆమె వంక చూడకుండా. “చెవిది తప్పు కాదయ్యా, లోపల చెత్త పేరుకుందీ అని వాళ్ళకి రోజూ నేనే చెప్తాను. ఇంట్లో మాత్రం ఆ బుద్ధి ఏ గంగలో కలిసిందో!”

గుమ్మంలో అత్తగారు ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలీదు. “ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టావు, ఫరవాలేదు” అంది కొడుకుతో. “కానియ్. పాస్‌వర్డ్ చెప్పు దానికి.”

“అమ్మా, నువ్వు లోపలికెళ్ళు. పైకి చెప్పాలి.”

“నాకెందుకురా నీ పాస్‌వర్డు? నా పేకాట నాకుంటే చాలు.”

అయినా ఆవిడని పంపేసి, కిటికీ కూడా మూసి, ఇరవై రెండు అక్షరాల పాస్‌వర్డ్ గుసగుసగా చెప్పాడాయన. రెండుసార్లు తప్పు చెప్పాడు. మూడోసారికి తలుపు తెరుచుకుంది. ముందు రాకెట్టు పోయింది. తరవాత ఏది ఉంచాలో ఆయనే తేల్చాడు. నీలం డాలుని, అది ఏమేం చూస్తుందో, ఎంత చోటు తింటుందో, కొత్త రకం తాళాన్ని తిప్పి తిప్పి చూసినట్టు చూసి, “ఇది నికరం” అన్నాడు. కోటా, కన్నూ వెళ్ళిపోయే ముందు ‘నిజంగా తీసేస్తారా’ అని అడిగాయి. “మీరు కొట్టండి” అంది టైపమ్మ. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, సరే అన్నదాని మీద నొక్కాడు.

“ఇంక మళ్ళీ మొదలెట్టాలి. టీ నేను పెడతా, నువ్వు కూర్చో” అని ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె వెతికి, పాలు తీసేలోపే గదిలోంచి పిలుపు వినిపించింది. “ఏమండీ! లేచిందండీ!” పచ్చి పాల గిన్నె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

ఆమె పేజీ తెరిచింది. తెరుచుకుంది. గడిలో వేలు పెట్టి కొట్టింది. అక్షరం వేలి కిందే పుట్టినట్టు వచ్చింది. మాట, వెంటనే ఇంకో మాట, తరవాత గడి. ఆగాల్సిన పనే లేదు. ఆమె చెయ్యి ఆమెకి కనిపించింది, ఇన్నాళ్ళకి. పొద్దుటి బిగుతు కూడా ఎటు పోయిందో పోయింది. గబగబా కొడుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని తుడుచుకోడానికి కూడా ఆగబుద్ధి కాలేదు. నేను నెమ్మది కాదు, నేను కానే కాదు అని గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు గానీ, పేజీ పంపించేసి పక్కకి తిరిగి, “టీ ఏదీ?” అంది దర్జాగా.

*

శుక్రవారం టైపమ్మ పొద్దున్న తొమ్మిదింటికి కూర్చుని సాయంత్రం దాకా కొట్టింది. శనివారం పొద్దున్నా అంతే. పది నిమిషాల పేజీలు, తొమ్మిది నిమిషాల పేజీలు. తలకట్టు లేని గుమాస్తా ఒక్కడే పన్నెండు దాకా లాగాడు, అది ఆయన హక్కు. వారం మొత్తం మీద సగటు పద్నాలుగుకి దిగింది. పదిహేను లోపే. గండం గడిచిందని అత్తగారు పాత చీర కొంగుతో కంప్యూటరు తెర తుడిచింది.

పదకొండు గంటలకి ఫోన్ మోగింది. కొట్టడం ఆపడం ఇష్టం లేక టైపమ్మ ఫోన్ బల్ల మీద పెట్టి, గదిలో అందరికీ వినపడేలా స్పీకరు నొక్కింది. తాళాలాయన షాపుకి బయల్దేరబోతూ, ఏం చెప్తారో వినిపోదామని గుమ్మంలో ఆగాడు.

“మేడమ్, బాగున్నారా?”

“బ్రహ్మాండంగా ఉన్నానమ్మా! చూశావా మరి, ఎంతొచ్చిందో?”

“చూశాను మేడమ్.” ఆ పిల్ల గొంతులో సంతోషం లేదు. “ఒక మాటడుగుతాను, ఏమీ అనుకోకండి. నిన్నటి పేజీలు తొమ్మిది పది నిమిషాలకొకటి వచ్చాయి. లిస్టు మొత్తంలో అంత వేగం ఎవరికీ లేదు. బుధవారం దాకా ఇరవై దరిదాపుల్లో ఉన్నారు. మీ లాగిన్‌లో మీ బదులు ఇంకెవరన్నా కూర్చుంటున్నారా మేడమ్?”

టైపమ్మ వేళ్ళు గాలిలో ఆగిపోయాయి. “నేనేనమ్మా.”

“నాకు మీరంటే గౌరవం మేడమ్. కానీ వేరేవాళ్ళని కూర్చోబెడితే పని వెంటనే ఆపెయ్యాలని రూలు. పైవాళ్ళు అడుగుతున్నారు. మనిషి చెయ్యి రెండు రోజుల్లో ఇంత మారదు కదా?”

నెమ్మదిగా ఉంటే తప్పు, వేగంగా ఉంటే దొంగతనం. కంప్యూటరు బాగుపడిందని చెప్దామంటే, అందరూ అదే చెప్తారు మేడమ్ అని మొన్ననే విన్నది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. “నేనేనమ్మా, ఒట్టు” అని మాత్రం అనగలిగింది. ఆ మాట తన చెవికే బలహీనంగా వినిపించింది.

తాళాలాయన గుమ్మంలోంచి వెనక్కి వచ్చాడు. షాపు తాళాలగుత్తి బల్ల మీద పెట్టి ఫోను మీదికి వంగాడు.

“అమ్మాయ్, నేను ఆవిడ భర్తని మాట్లాడుతున్నాను. ఆవిడ బదులు ఎవరూ కూర్చోలేదు.”

“అది కాదండీ, సిస్టమ్‌లో...”

“పూర్తిగా విను తల్లీ. ఇన్నాళ్ళూ ఆవిడ చేతుల మీద నేను కూర్చున్నాను. మొన్న గురువారం లేచాను. అంతే తేడా.”

గుమ్మంలో అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“కంప్యూటరు నెమ్మదని ఆవిడ నాకు చెప్పింది, నీకూ చెప్పింది. నేనూ నమ్మలేదు, నువ్వూ నమ్మలేదు. ఆఖరికి తనే నెమ్మదేమో అనుకుని ఆవిడ కూడా నమ్మడం మానేసింది. తప్పు నాదని ఎక్కడ రాసివ్వమంటే అక్కడ రాసిస్తాను. కాదంటే ఇప్పుడే ఒక పేజీ పంపు, నీ ఎదురుగా కొడుతుంది, ఫోన్లో చెవిపెట్టి విను. వింటే చాలు, తెలిసిపోతుంది.”

ఆ పిల్ల మెల్లగా అంది. “పంపుతున్నాను మేడమ్. పరీక్షకి కాదు. ఇందాకే ఒకావిడ ‘చదవలేము’ అని తిరిగి పంపేసిన పేజీ ఉంది, మీరైతే చదువుతారని.”

పేజీ వచ్చింది. తాళాలాయన గుత్తి తీసుకోలేదు, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. టైపమ్మ మొగుడి వంక చూసింది. కళ్ళు తుడుచుకుని పేజీకేసి తిరిగింది. ఎవరో చదవలేక వదిలేసిన మాట దగ్గర కొంచెంసేపు ఆగి చూసింది. ఖాళీ గడిలో నల్లగీత ఆరుతూ వెలుగుతూ ఆమె కోసం కాచుకుని ఉంది.